దత్తమండలాలు రాయలసీమ అయిన వైనం



తెలుగు సినిమా వ్యాపారులు నేటికీ రాయలసీమను ‘సీడెడ్’ అనే వ్యవహరిస్తారు. ఆ మాట వెనుక ఒక ఖర్చుల పద్దు ఉన్నది. 1792 నాటి సంధి వలన, 1799లో టిప్పు సుల్తాన్ పతనం వలన తనకు దక్కిన ప్రాంతాలను నిజాం అలీఖాన్ 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. తన రాజ్యంలో నిలిపిన కంపెనీ సైన్యపు ఖర్చుకు అది చెల్లింపు. దొరలు ఆ నేలను ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు. తెలుగులో అది ‘దత్తమండలాలు’ అయినది. దత్తమనగా ఇయ్యబడినది. ఇచ్చిపుచ్చుకొన్న ఇరువురి లావాదేవీయే ఆ పేరులో ఉన్నది. ఆ నేలను దున్ని బ్రతికినవారి ఊసు లేదు.

థామస్ మన్రో 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరు. 1808లో బళ్ళారి, కడప జిల్లాలు ఏర్పడినవి. 1882లో బళ్ళారి నుండి అనంతపురం విడివడినది. అయినా పాత పేరు వదలలేదు. 1916లో అనంతపురంలో వెలసిన కళాశాల సైతం దత్తమండల కళాశాలయే. అక్కడ తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు గారే 1928 నవంబరులో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అను పేరును ప్రతిపాదించారు. సభ ఆమోదించినది. విజయనగర రాయలు ఏలిన సీమ అని దాని భావం. 128 ఏళ్ళ తరువాత ఆ ప్రజలు తమ చరిత్ర నుండి తమ పేరును తాము తీసుకొన్నారు. 1953లో బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రంలో కలిసినది. ఎల్లలు మారినా రాయలసీమ పేరు చెదరలేదు.

బిలోలి వారికి ఈ కథ దూరమైనది కాదు. ఈ తాలూకా కూడ ఆ నిజాం వంశమే ఏలిన హైదరాబాదు రాజ్యంలోనిదే. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైనది. మంజీర ఆవలి ఒడ్డు నేడు తెలంగాణ. పటంలో గీతలు గీసినవారు ఇచటి ఇండ్లలో పలికే భాషను చెరపలేదు. దానిని నిలుపుకొనుట, విడుచుట ఇంటివారి చేతిలోనే ఉన్నది. మరాఠీని ఆదరంతో నేర్చుకొనే బిడ్డకు తెలుగు అక్షరం బరువు కాదు.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ ఊరికి, వీధికి, చెరువుకు, చేనుకు ఆ పేరెట్లు వచ్చినదో ఇంటి పెద్దలనడిగి బిడ్డలచేత తెలుగులో వ్రాయించండి. ఎవరో పెట్టిన పేరేది, తమవారు పెట్టుకొన్న పేరేది అన్న వివేకం అక్కడే మొదలవుతుంది.