విశ్వవిద్యాలయ భాండారమున మన యింటి ఆస్తి
(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



తమిళనాట తరతరములుగా కాపురముండి, ఇంట తెలుగును వీథిని తమిళమును మాటలాడుచున్న మనవారు “మనకీ గడ్డపై చరిత్ర యేమున్నది?” అని నిట్టూర్చుట నేను పలుమారులు వింటిని. చరిత్ర యున్నది, దానికి పత్రములును ఉన్నవి. అవి మన పెట్టెలలో లేవు. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునందును, దానితో చిరకాలము ఒకే కప్పు క్రింద నుండిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునందును ఉన్నవి. అవి ఎట్లు వచ్చినవి, వానిని ఎవరు చదివిరి, ఇకమీదట ఎవరు చదువుదురు అను మూడు ప్రశ్నలను నేడు మీ యెదుట ఉంచదలచితిని.

మదరాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపబడినది. ఆ వ్రాతప్రతుల కథ అంతకంటె పాతది. కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశీయుడు 1783లో కంపెనీ సేనలో ఉద్యోగియై ఈ దేశమునకు వచ్చి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. నేలను కొలుచుటతో తృప్తి చెందక, ఆ నేలపై బ్రదికిన వారి కథలను గూడ సేకరింపబూనెను. కాని యాతనికి మన దక్షిణదేశ భాషలు రావు. ఆ కొఱతను తీర్చినవారు ఏలూరు ప్రాంతపు తెలుగువారైన కావలి సోదరులు: బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే కన్నుమూసెను. తనకు ఈ దేశ విజ్ఞానపు వాకిలి తెఱచినవాడు బొఱ్ఱయ్యయే యని మెకంజీ తానే ఒప్పుకొనెను. అన్నగారి తరువాత లక్ష్మయ్య ఆ భారమును మోసెను.

1821లో మెకంజీ మరణించునాటికి కూడిన సంపద యెంతయో వినుడు: సాహిత్య గ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల ప్రతులు 8,076, నాణెములు 6,218. దీనిని కంపెనీ ప్రభుత్వము లక్ష రూపాయలకు కొనెను. 1828లో విల్సను పండితుడు వీని పట్టికను ప్రకటించెను. దక్షిణ భాషలలోని వ్రాతప్రతులలో పెద్దభాగము అటుపిమ్మట కలకత్తా నుండి మదరాసు చేరెను.

ఇచట ఒక సంగతి చెప్పక దాటరాదు. మెకంజీ మొదలిడిన పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య అధికారులకు విన్నవించుకొనెను. ఆ కాగితములలో సగము తన కన్నుల యెదుట వ్రాయబడినవి. వ్రాసినవారిని ఊరూర తిప్పినవాడు తాను. అయినను కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారు ఆతనిని ఆ పనికి చాలినవానిగా ఎంచలేదు. ఆ బాధ్యత విలియం టేలరు అను క్రైస్తవ మతాచార్యునకు దక్కెను. టేలరు శ్రమను నేను తక్కువ చేయను. ఆయన పట్టికలు ఎందఱికో త్రోవ చూపినవి. కాని కట్ట యొకచోటను, దానిని చదువగల మనిషి వేఱొకచోటను ఉండుట అనెడి దుఃస్థితి మనకు ఆనాడే ఆరంభమైనదని మాత్రము గుర్తింపుడు.

తరువాత వచ్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. కడపలో పండితులకు తన చేతి సొమ్ము జీతముగా నిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములను సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను, 1852లో తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆయన సేకరించిన ప్రతులును మదరాసునకే దక్కినవి. వీనినన్నిటిని చేర్చి 1869లో ప్రభుత్వ భాండాగారము ఏర్పడినది. అది బహుకాలము చేపాకమున విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనమునందుండి, ఇటీవలి కాలమున కోట్టూరుపురమునందలి అన్నా శతాబ్ది గ్రంథాలయమునకు తరలింపబడినది.

ఆ వస్తువు లెట్టివో చూడనివారికై రెండు మాటలు. తాళపత్రముపై వ్రాత సిరాతో వ్రాసినది కాదు, ఘంటముతో గీసినది. గీసినపుడు అక్షరము కంటికి ఆనదు. మసియు ఆకుపసరును కలిపి రాచి తుడిచినచో గీతలలో నలుపు నిలిచి అక్షరము పైకి తేలును. ఆకులకు రంధ్రములు చేసి, త్రాడు గ్రుచ్చి, ఇరుప్రక్కల చెక్కపలకలు పెట్టి కట్టుదురు. పురుగు పట్టకుండ నిమ్మగడ్డి తైలము పూయుదురు. ఎంత కాపాడినను ఆకు నశించునదే; కావుననే మన పూర్వులు పాతప్రతి శిథిలము కాకమునుపే క్రొత్తప్రతి వ్రాసికొనుచుండిరి. చదువువారున్నంత కాలము ప్రతి వ్రాయువారుందురు. చదువువారు లేనినాడు ఆకునకు ఆయువు మూడినట్లే.

స్థానిక చరిత్రలంటిని, వానినే కైఫీయతు లందురు. గ్రామ కరణములు దాచుకొన్న దండకవిలెల నుండియు, ఊరి పెద్దల నోటి నుండియు వ్రాసికొన్నవి. ఊరు ఎవరు కట్టించిరి, చెఱువు ఎవరు త్రవ్వించిరి, ఏ దేవునికి ఏ పొలము మాన్యమైనది, పొలిమేర ఎందాక – ఇవి అందలి విషయములు. రాజుల చరిత్రలలో కానరాని సామాన్య జనులు ఈ కాగితములలో కానవత్తురు.

ఇక రెండవ ప్రశ్న. ఈ ముడి సరకును గ్రంథములుగా మార్చినవారిలో విశ్వవిద్యాలయ ఆచార్యులు ముఖ్యులు. తెలుగు శాఖలో కోరాడ రామకృష్ణయ్యగారు ద్రావిడ భాషల అక్కచెల్లెండ్ర బంధుత్వమును శాస్త్రీయముగా పరిశీలించిరి. నిడుదవోలు వేంకటరావుగారు దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయమునకు చరిత్ర వ్రాసిరి. తంజావూరు రఘునాథ నాయకుడు, విజయరాఘవుడు, రంగాజమ్మ, చేమకూర వేంకటకవి, మధుర సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు – వీరందఱు తెలుగు కావ్యములు వ్రాసినది తెలుగునాట కాదు. కావేరి, వైగై తీరములందు. ఆ వాఙ్మయము తెలుగు సాహిత్యమున ఒక మూల గది కాదనియు, అది ప్రత్యేకమైన యొక శాఖ యనియు నిరూపించినది ఆ గ్రంథము. మనవంటివారికి అది వంశవృక్షము వంటిది.

చరిత్ర శాఖలో నేలటూరి వేంకటరమణయ్యగారు వెలుగోటివారి వంశావళిని పరిష్కరించిరి. కె. ఏ. నీలకంఠశాస్త్రిగారితో కలిసి 1946లో విజయనగర చరిత్రకు మఱికొన్ని ఆధారములను మూలములతోను ఆంగ్లానువాదములతోను మూడు సంపుటములుగా ప్రకటించిరి. మధుర నాయకుల చరిత్రను 1924లో వెలువరించిన సత్యనాథయ్యరుగారు, మెకంజీ వ్రాతప్రతులలో తెలుగు, కన్నడ, మరాఠీ భాగముల సారమును 1976లో అందించిన టి. వి. మహాలింగంగారు తమిళులు. మన చరిత్రను మనకంటె శ్రద్ధగా చదివిన తమిళ పండితులున్నారన్న మాట మఱవకుందము. ఈ భాండారము ఒక భాషవారు మఱియొక భాషవారిపై నెగ్గుటకు కాదు. కలిసి బ్రదికినందులకు సాక్ష్యము.

ఒక కట్టను ఒక్కడు చదివిన ఎంత జరుగునో చెప్పెదను. నన్నెచోడుని కుమారసంభవము తంజావూరు సరస్వతీ మహలులో కట్టుబడి పడియుండెను. మానవల్లి రామకృష్ణకవిగారు దానిని గుర్తించి 1909లో అచ్చొత్తించిరి. దానితో తెలుగు సాహిత్య చరిత్రలో మొదటి యధ్యాయమే వాదగ్రస్తమైనది.

ఇక చదువువాడు లేనిచో ఏమగునో నా యింటనే చూచితిని. మా తాతగారి యింట అటుకమీద గుడ్డచుట్టిన తాళపత్రముల కట్ట యొకటి ఉండెడిది. సరస్వతీపూజనాడు దింపి, పసుపు కుంకుమ పెట్టి, మరల ఎక్కించెడివారము. తాతగారు పోయిన పిదప దానిని చదువగలవారు ఇంట లేకపోయిరి. చదువరాని గ్రంథము ఇంట నుండరాదని యెవరో చెప్పగా, ఆడి పదునెనిమిదవనాడు కావేరిలో విడిచిరి. గట్టున నిలిచి నేనును చేతులు జోడించితిని. అది వైద్యమో, పద్యమో, మా పొలపు హక్కుపత్రమో నేటికిని నాకు తెలియదు. తప్పు చేసినవారు దుర్మార్గులు కారు, భక్తిపరులు. భక్తి యుండి అక్షరము లేకపోవుటయే అచట జరిగిన అనర్థము.

కావున మూడవ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పవలసినవారము మనమే. 2006లో ఈ రాష్ట్రమున తమిళమును బడులలో తప్పనిసరి చేయు చట్టము వచ్చినది. తమిళము మనకు అన్నము పెట్టుచున్న భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని ఇంటి భాషకు బడిలో చోటు ఇఱుకైనపుడు సంఘము దాని భారమును కొంత వహింపవలెను. మన యువకులు చాలమంది తెలుగు మాటలాడుదురు, చదువలేరు. మాట ఒక తరమును దాటించును. అక్షరము పది తరములను దాటించును.

నేను కోరునవి మూడు. మొదటిది, ఎవరి యింట పాతకట్ట యున్నను నీట విడువకుడు, నిప్పున వేయకుడు, మీరే విప్పి తైలము పూయకుడు. సంఘమునకు తెలుపుడు, తెలిసినవారిచేత ఛాయాచిత్రములు తీయింతము. రెండవది, ఆదివారము ఒక గంట తెలుగు అక్షరములు నేర్పుటకు చదువుకొన్నవారు ముందుకు రండు. మూడవది, అంగడిలో దొరకని విశ్వవిద్యాలయ ప్రచురణలను పునర్ముద్రింపుడని సంఘము పక్షమున విన్నపము పంపుదము. వేసవి సెలవులలో పిల్లలను ఆ గ్రంథాలయమునకు తీసికొనిపోయి ఒక్క తాళపత్రమునైనను కన్నులార చూపింతము.

లక్ష్మయ్యకు చదువు వచ్చును. కట్ట చేతికి రాలేదు. నేడు కట్ట అందుబాటులో నున్నది. మనకు చదువు రాదు. ఆతనికి జరిగినది అన్యాయము. మనకు జరుగుచున్నది మన యశ్రద్ధ. అన్యాయమును దిద్దుట మన చేతిలో లేకపోయినను అశ్రద్ధను దిద్దుకొనుట మన చేతిలో నున్నది.