అభ్యంతరం లేదు
(భోగాపురంలో జరిగిన పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధమనగానే మన ప్రాంతంలో పెద్దలు చెప్పుకునేది 1942 ఏప్రిల్ 6వ తేదీ. ఆనాడు విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. పట్నం ఖాళీ చేసి జనం పల్లెలకు తరలిపోయారు. దానికి కొద్ది రోజుల ముందే, మార్చి నెలలో, బెర్లిన్‌లో ఒక ఫైలు కదిలింది. నేను చెప్పదలచుకున్నది ఆ ఫైలు సంగతి. గుమాస్తాగిరీ చేసిన మనకు బాంబులకంటే అదే బాగా అర్థమవుతుంది.

ఫ్రాన్సు నుంచి 6,000 మంది యూదులను ఆష్విట్జ్ శిబిరానికి పంపుతాము, మీకేమైనా అభ్యంతరమా అని ఐక్‌మన్ కార్యాలయం జర్మన్ విదేశాంగ శాఖను అడిగింది. కిందివారు "సంకోచమేమీ లేదు" అని డ్రాఫ్టు పుటప్ చేశారు. శాఖ కార్యదర్శి ఎర్నెస్ట్ ఫాన్ వైట్‌సెకర్ దానిని దిద్ది "అభ్యంతరం లేదు" అని మార్చి ఇనిషియల్ వేశాడు. ఎన్నో నోట్ ఫైళ్లు చూసిన కళ్లు కదా మనవి, ఆ దిద్దుబాటు ఎందుకో చెప్పనక్కరలేదు. తాను ఒప్పుకున్నట్టు ఉండకూడదు, ఆపినట్టూ ఉండకూడదు! మార్చి 27న మొదటి రైలు వెళ్లింది.

యుద్ధం ముగిశాక 1945 నవంబరు 20న నూరెంబర్గ్‌లో నాయకుల విచారణ మొదలైంది. పైవారి ఉత్తర్వు అన్న సాకు చెల్లదని, శిక్ష తగ్గించడానికి మాత్రం దానిని చూడవచ్చునని అంతకుముందే లండన్ చార్టరులో రాసుకున్నారు. విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్‌ను 1946 అక్టోబరులో ఉరితీశారు. తరువాత అక్కడే అమెరికన్ కోర్టు మంత్రిత్వ శాఖలవారిని, ఇతరులను కలిపి 21 మందిని విచారించింది. లోపల ఉండి చెడును తగ్గించాను, యుద్ధాన్ని ఆపజూశాను అన్నది వైట్‌సెకర్ వాదన. ఆపజూసిన మాట కొంత నిజమే. కాని ఇది అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని అడిగినప్పుడు చెప్పవలసిన శాఖ మీదే కదా అన్నది కోర్టు. 1949 ఏప్రిల్‌లో ఏడేళ్ల శిక్ష వేశారు. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు విభేదించారు. ఆ ఏడేళ్లు ఐదయ్యాయి, 1950లోనే విడుదలయ్యాడు. నాకైతే చాలా తక్కువనిపిస్తుంది. (తండ్రి తరఫున పనిచేసిన కుమారుడు రిచర్డ్ 1984లో పశ్చిమ జర్మనీ అధ్యక్షుడయ్యాడు.)

గెలిచినవారు ఓడినవారికి తీర్పు చెప్పారన్న మాట ఉంది. టోక్యో విచారణలో మన రాధాబినోద్ పాల్ గారు 1948లో ముద్దాయిలందరూ నిర్దోషులని విడిగా తీర్పు రాశారు. దానిని తీసివేయలేము. అయితే వైట్‌సెకర్ కేసులో ఆ కాగితం గెలిచినవారు రాసింది కాదు. ఆ శాఖవారే టైపు చేయించి, సంతకాలు పెట్టి, జాగ్రత్తగా ఫైలు చేసుకున్నది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.