క్షమాపణ లేని పాపం ఏది?

ఈ దినం ధ్యానం కోసం మార్కు సువార్త 3వ అధ్యాయం, 22 నుండి 30 వరకు గల వచనాలు తెరవండి. బైబిలు చేతిలో లేనివారు తరువాత చదువుకోవచ్చు.

ఈ కార్యక్రమానికి వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. "అయ్యగారూ, నేను పరిశుద్ధాత్మను దూషించాను. ఇక నాకు క్షమాపణ లేనట్టేనా?" అని. ఒక సహోదరి భర్త ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ రాత్రి దుఃఖంలో ఆమె దేవుణ్ణి అనరాని మాటలు అన్నదట. అప్పటినుండి మూడేళ్లుగా ప్రభువు బల్లలో పాలుపొందలేదు. ఆరాధనకు వస్తుంది, పాటలు పాడుతుంది. రొట్టె, ద్రాక్షారసం ముందుకు రాగానే పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్లిపోతుంది. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను, ఎందుకంటే అలా బయట నిలబడేవారు మన సంఘాల్లో ఆమె ఒక్కతే కాదు.

ఇంతకీ ప్రభువు ఈ హెచ్చరిక ఎవరికి చేశారు? దుఃఖంలో ఉన్న విధవరాలికి కాదు. యెరూషలేము నుండి వచ్చిన శాస్త్రులకు. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి గలిలయకు వచ్చిన పెద్దమనుషులు వారు. ధర్మశాస్త్రం వారికి కంఠతా వచ్చు. మత్తయి 12వ అధ్యాయం ప్రకారం, దయ్యం పట్టి గ్రుడ్డివాడు, మూగవాడు అయిన ఒక మనిషిని ప్రభువు స్వస్థపరిచారు. వాడు చూస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. అది అబద్ధమని అనడానికి వీలులేదు. అందుకని ఆ పని జరిగింది గాని అది సాతాను శక్తి వల్ల జరిగిందని చెప్పారు. గమనించండి, వారికి వెలుగు కనబడక కాదు. కనబడిన వెలుగునే చీకటి అన్నారు.

మన తెలుగులో దూషించడం అంటే తిట్టడం అనే అర్థం చేసుకుంటాం. అందుకే నోరు జారిన ఒక్క మాటకు నిత్యనరకం అని భయపడతాం. గ్రీకు మూలంలో 30వ వచనాన్ని చూస్తే, శాస్త్రులు ఒకసారి అని ఊరుకున్నట్టు లేదు. అంటూ ఉన్నారు, అంటూనే ఉన్నారు అనే అర్థం వచ్చే క్రియ అక్కడ ఉంది. అది నోటి తప్పిదం కాదు, తీర్మానం చేసుకున్న హృదయం.

ఇంకొక సంగతి. మనం 28వ వచనాన్ని దాటేసి 29 దగ్గర ఆగిపోతాం. 28లో ప్రభువు ముందుగా చెప్పింది ఏమిటి? మనుష్యులు చేసే పాపాలన్నిటికీ, పలికే దూషణలన్నిటికీ క్షమాపణ ఉందని. పేతురు ఒట్టు పెట్టుకుని, శపించుకుని ఆ మనుష్యుణ్ణి ఎరగనన్నాడు. సౌలు తాను దూషించడమే గాక, విశ్వాసులను హింసించి వారిచేత దూషణ పలికించ జూశాడు. ఆ సంగతి అపొస్తలుల కార్యములు 26:11లో తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఇద్దరూ అపొస్తలులే గదా!

ఈ భాగం కష్టమైనదని నేను ఒక్కణ్ణే అనడం లేదు. హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను దీని మీద చాలా పొడవైన ప్రసంగం చేశాడు. లేఖనాలన్నిటిలో బహుశా ఇంతకంటె కష్టమైన ప్రశ్న లేదన్నాడు. చివరికి ఆయన చెప్పిన అర్థం ఇది: పాపాలను క్షమించే పని ఆత్మ ద్వారా జరుగుతుంది గనుక, మరణం వరకు మారుమనస్సు పొందకుండా ఆ క్షమాపణనే తోసివేయడం ఈ పాపం. నాకు అది సరిగానే తోస్తుంది.

"యాత్రికుని ప్రయాణము" మీలో చాలామంది చదివి ఉంటారు. అది రాసిన జాన్ బన్యన్ చిల్లుపడ్డ పాత్రలకు మాట్లు వేసుకుని బ్రతికిన ఇంగ్లాండు మనిషి. యౌవనంలో అతనికి ఒక తలంపు పట్టుకుంది. క్రీస్తును అమ్మివేయి అని రాత్రింబగళ్లు లోపల వినిపించేది. అమ్మను, అమ్మను అని ఎదురాడి ఎదురాడి అలసిపోయి, ఒక ఉదయం పడక మీద ఉండగా, పోతే పోనీ అనే తలంపు మనసులో మెదిలింది. అంతే. తాను జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావునే అనుకున్నాడు. దాదాపు రెండేళ్లు ఆ నరకంలో ఉన్నాడు. ఒక పెద్దవయసు విశ్వాసి దగ్గరకు వెళ్లి, పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం చేశానేమోనని భయంగా ఉందని చెప్తే, ఆ పెద్దాయన నాకూ అలాగే అనిపిస్తోంది అన్నాడట! సలహా చెప్పే పెద్దలారా, కాస్త జాగ్రత్త. తరువాత ఒకరోజు పొలంలో నడుస్తుండగా, తన నీతి తనలో లేదు, పరలోకంలో ఉన్న క్రీస్తే తన నీతి అనే సంగతి అతనికి తట్టింది. ఆ మనిషే సువార్త ప్రకటించినందుకు 1660లో చెరసాలకు వెళ్లి 12 ఏళ్లు ఉన్నాడు. ఈ వేదనంతా 1666లో పుస్తకంగా రాశాడు.

ఇష్టం లేకపోయినా, ప్రార్థనలో మోకరించినప్పుడే దేవదూషణ తలంపులు తోసుకొస్తున్నాయని కొందరు రాస్తారు. వాటికి మీరు ఏడుస్తున్నారంటే అవి మీ హృదయం చేసిన తీర్మానం కాదని అర్థం. వైద్యులు ఎరిగిన ఓ.సి.డి. అనే జబ్బులో కూడా ఇలాంటివి వస్తాయి, దానికి చికిత్స ఉంది. షుగరుకు బిళ్ల వేసుకుంటూ ప్రార్థన చేసుకోవడం లేదా? మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు.

ఈ వాక్యాన్ని కర్రలా పట్టుకునేవారు కూడా ఉన్నారు. ఫలానా స్వస్థత నిజమేనా అని అడిగినా, కానుకల లెక్క చెప్పండి అన్నా, ఆత్మను దూషించావు అని బెదిరిస్తారు. అయ్యా, ఆత్మలను పరీక్షించమని చెప్పింది యోహానే గదా, మొదటి పత్రిక 4:1 చదవండి. అడగడం దూషణ కాదు. మరి ఎవరు భయపడాలి? వాక్యం తెలిసినవారం, ప్రసంగ వేదిక ఎక్కేవారం. మన గుంపు కాని చోట దేవుడు పని చేస్తే, అది ఆయన పనేనని లోపల తెలిసి కూడా, అసూయతో దానికి సాతాను పేరు పెట్టేటప్పుడు మనం ఆ శాస్త్రుల పక్కనే నిలబడుతున్నాం.

హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం గురించి అడిగినవారికి మరో వారం జవాబు చెప్తాను. అప్పటివరకు 9వ వచనం కూడా కలిపి చదవండి.

ఆ శాస్త్రుల విషయంలో కూడా 23వ వచనం ఏం చెబుతుందో చూశారా? ప్రభువు వారిని తన దగ్గరకు పిలిచి మాట్లాడారు. అంతమాట అన్నవారిని పిలిచారు. సహోదరీ, ప్రభువు ఆ మొదటి రాత్రి రొట్టె విరిచినప్పుడు పేతురు కూడా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. కోడి కూయకముందు అతడు ఏమంటాడో ఆయనకు తెలుసు. ఈసారి రొట్టె, ద్రాక్షారసం ముందుకు వచ్చినప్పుడు మీరు లేవకండి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్కడే ఉండండి. చేయి వణికినా పరవాలేదు, చాపండి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, ఈ రేడియో ముందు భయంతో కూర్చున్నవారిని నీవు ఎరుగుదువు. నీ ఆత్మ చేత వారిని నీ దగ్గరకు పిలువుము. వాక్యం చెప్పే మా హృదయాలు కఠినపడకుండా కాపాడుము. యేసు నామంలో వేడుకుంటున్నాం తండ్రీ, ఆమేన్.