వంటింటి తీగె మోయగల బరువు

(గత ఆదివారము బరంపురమున మన సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద మనము సాధారణముగా భాషను గూర్చియో, పిల్లల చదువును గూర్చియో మాటలాడుకొందుము. నేడు నేను కరెంటు ఓవెనును గూర్చి మాటలాడుదునని చెప్పగా కార్యదర్శిగారు చిరునవ్వు నవ్విరి. నవ్వుటకు తగిన సంగతి కాదని చూపుటకే ఈ బల్లమీద ఒక కాలిన సాకెట్టును ఉంచితిని. ఇది మా ఇంటిది. దీనిని కాల్చినవాడను నేనే.

నేను మెట్రిక్ వరకే చదివినవాడను. గిన్నెలు, స్టవ్వులు, మిక్సీలు అమ్ముకొని బ్రతుకు వర్తకుడను. ఇప్పుడు చెప్పబోవు మాటలలో సగము నష్టపడి నేర్చుకొన్నవి. మిగిలిన సగము, లైసెన్సు గల ఒక పెద్ద వైరింగు మేస్త్రిని విసుగు పుట్టునంతగా అడిగి తెలిసికొన్నవి.

మన పాత వీధుల ఇండ్లెట్టివో మీకు చెప్పనక్కరలేదు. ముంగిలి ఇరుకు, లోపలికి పొడవు, గోడకు గోడ ఆనుకొని యుండును. పైన కఱ్ఱ దూలములు. తాతల నాడు రెండు బల్బులకును ఒక పంకాకును వేసిన తీగెలమీద తండ్రులు ఫ్రిజ్జును చేర్చిరి, మనము మిక్సీని, గ్రైండరును, నీళ్ల మోటారును చేర్చితిమి. మా ఇంటిలో మరియొక విశేషము కలదు. నేనును మా తమ్ముడును ఇల్లు పంచుకొంటిమి గాని తీగెలు పంచుకొనలేదు. నా వంటింటి తీగె గోడలో నుండి అవతలి భాగమునకు పోయి, అచ్చట తమ్ముని గదిలోని ప్లగ్గునకు కూడ కరెంటు నిచ్చుచుండెను. ఆ సంగతి మాలో ఎవరికిని జ్ఞప్తి లేదు.

మా పెద్దమ్మాయి కేకులు చేసి అమ్మును. మొదట 1200 వాట్ల చిన్న ఓవెను. దానితో నాలుగేండ్లు ఏ చిక్కును లేదు. ఆర్డర్లు పెరిగినవి. రెండు సంవత్సరముల క్రిందట గోడ అలమారలో అమర్చెడి పెద్ద ఓవెనును తెచ్చితిని. దాని తలుపు ప్రక్కనున్న రేకుమీద 3500 వాట్లని వ్రాసియుండెను. దానికి ప్లగ్గు లేదు. మూడు తీగెల కొనలు మాత్రమే వెలుపలికి వచ్చియుండెను. ప్లగ్గు లేకుండ అమ్మిరేమని దుకాణదారుతో వాదించినవాడను కూడ నేనే. తయారుచేసినవారు ప్లగ్గు పెట్టకపోవుటలో ఒక హెచ్చరిక యున్నదని నాకు తోచలేదు.

లెక్క చాల చిన్నది. వాట్లను వోల్టులతో భాగించిన ఆంపియర్లు వచ్చును. మనకు ఇంటికి వచ్చునది 230 వోల్టులు. పాత ఓవెను 1200 వాట్లు, అనగా 5.2 ఆంపియర్లు. క్రొత్తది 3500 వాట్లు, అనగా 15.2 ఆంపియర్లు. కరెంటు మూడు రెట్లైనది గదా, తీగె కూడ మూడు రెట్లే వేడెక్కునని మనము తలతుము. అది సరికాదు. తీగెలో పుట్టు వేడి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును. 5.2 నుండి 15.2కు పోయినప్పుడు అదే తీగెలో వేడి సుమారు ఎనిమిదిన్నర రెట్లగును. దుకాణములో వడ్డీ లెక్కలు నోటితో కట్టు నేను ఈ లెక్కను ఒక్కసారి వేసికొనియుండిన ఈ ప్రసంగము ఉండెడిది కాదు.

వీధి చివరి కుఱ్ఱవాడొకడు వచ్చి, ఓవెను తీగెలకు ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు తగిలించి, పాత సాకెట్టులోనే గ్రుచ్చి పోయెను. మొదటి రెండు దినములు బాగుగనే నడచెను. మూడవ దినము సాయంకాలము బోర్డులోని 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోయెను. లేపితిమి, మరల పడెను. ఉదయము పడదు, మధ్యాహ్నము పడదు, సాయంకాలమే పడును. మా అమ్మ దీనికి ఒక గ్రహదోషమును కూడ ఆలోచించెను. అసలు కారణము తరువాత తెలిసినది. ఆ వేళకు గోడ అవతల మా తమ్ముని కుమారుడు మరునాటి బడి బట్టలను ఇస్త్రీ చేసికొనుచుండెను. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, అనగా 4.3 ఆంపియర్లు. ఇవతల అమ్మాయి మిక్సీ 750 వాట్లు, అనగా 3.3. ఓవెనుతో కలిపి 22.8 ఆంపియర్లు. ఇదంతయు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగెమీద. గోడలో గొట్టముగుండ పోవు అట్టి రాగితీగె సుమారు 15 ఆంపియర్లను మాత్రమే క్షేమముగా మోయగలదు.

ఇక నా తప్పు చెప్పెదను. కుఱ్ఱవానిని మరల పిలిపించితిని. "బాబూ, ఎం.సి.బి. చిన్నదైపోయింది, 32ది వేసేస్తే ఇంక పడదు" అనెను. "వేసేయ్" అంటిని. నిజముగనే ఆ తరువాత అది పడలేదు. ఇరుగుపొరుగులకు కూడ ఆ ఉపాయము చెప్పితిని. వారిలో ఇద్దరు ఈ సభలో ఉన్నారు. వారి బోర్డులను ఆ తరువాత నా ఖర్చుతో సరిచేయించితిని.

సోదరులారా, ఎం.సి.బి. ఓవెను కొఱకు పెట్టినది కాదు. గోడలోపల కంటికి కనబడని తీగె కాలకుండ కాపాడుటకు పెట్టినది. 16 అని వ్రాసియున్న ఎం.సి.బి. 18 ఆంపియర్ల వరకు గంటసేపైనను ఓర్చుకొనును; 23 ఆంపియర్లు దాటినచో గంటలోపల పడి తీరవలెను. అందుచేతనే మా ఇంట 22.8 వద్ద అది పడుచు, లేచుచు నుండెను. 32 అని వ్రాసియున్నది 36 ఆంపియర్లను గంటసేపు కిక్కురుమనకుండ సాగనిచ్చును. 46 వచ్చిన గాని గంటలోపల పడవలెనన్న నియమము దానికి లేదు. 15 ఆంపియర్ల తీగెకు 32 ఆంపియర్ల కాపలాదారును పెట్టుట యనగా, దొంగ ఇల్లంతయు దోచుకొని పోయిన పిదప మేల్కొను వానిని పెట్టుటయే. పూర్వము ఫ్యూజులో సన్నని తీగెకు బదులు నాలుగు పేటల రాగితీగె చుట్టెడివారు. ఆ పాపమే ఇది. ఇప్పుడు డబ్బా తెల్లగా నున్నది, అంతే.

డిసెంబరు ఆఖరి దినములు వచ్చినవి. నూతన సంవత్సరపు కేకులకు ఓవెను నాలుగు గంటలుగా ఆరకుండ నడచుచుండెను. నేను దుకాణములో నుంటిని. మా అమ్మ తులసికోట వద్ద దీపము పెట్టి లోనికి వచ్చి, "ఒసే అమ్మాయీ, లక్క కాలిన వాసనొస్తోందే" అని కేకవేసెను. అమ్మాయి తన కేకుల వాసన తప్ప మరేమియు ఎఱుగదు. అమ్మ ఊరకొనక గోడ తడిమి చూచి, వేడిగా నున్నదని మెయిను స్విచ్చు కట్టించెను. సాకెట్టు గోధుమ రంగు తిరిగి, ఒక ప్రక్క కరగి జారియుండెను. అటకమీద ఒక డబ్బాలో పాత అల్యూమినియము తీగెకు తరువాతి రాగితీగెను మెలిపెట్టి నల్లటేపు చుట్టిన అతుకు కలదు. ఆ టేపు బొగ్గైయుండెను. దానికి జానెడు దూరములో దూలము. ఆ దూలము చివర మా ప్రక్కింటివారి గోడలో నున్నది.

ఆ అతుకును గూర్చి కొంత చెప్పవలెను. మీలో అనేకుల ఇండ్లలో అది యుండును. 1960, 1970 దశకములలో రాగి కొరత వలన ఇంటి వైరింగులో అల్యూమినియము తీగె విరివిగా వాడిరి. అల్యూమినియముమీద గాలి తగిలినంతనే కరెంటు పారని సన్నని పొర యేర్పడును. పైగా అది మెత్తని లోహము; వేడికి పెరిగి, చల్లబడినప్పుడు తగ్గి, మర క్రింద వదులగును. రాగితో నేరుగా మెలిపెట్టిన చెమ్మకు త్వరగా చెడును. వదులైన అతుకు వేడెక్కును. వేడెక్కిన అతుకు ఇంకను వదులగును. చిన్న ఓవెను నాలుగేండ్లు నడచినదని ఆ అతుకు మంచిదని తలచితిని. దానిమీద భారము పడలేదు గనుక అది తన లోపమును బయటపెట్టలేదు.

తరువాత పెద్ద మేస్త్రిగారు వచ్చి చేసిన పని యిది. ఓవెను తీగెను పాత తీగెలతో ఏమాత్రము కలుపలేదు. మీటరు ప్రక్కనున్న బోర్డు నుండి వంటింటి వరకు, నడుమ అతుకు లేకుండ, 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెలు క్రొత్తగా లాగెను. కరెంటుకొకటి, న్యూట్రలునకొకటి, ఎర్తునకొకటి. బోర్డులో దాని కొఱకే 20 ఆంపియర్ల ఎం.సి.బి. ఒకటి పెట్టెను. తీగె మోయగలది అంతకంటె ఎక్కువ, ఓవెను లాగునది అంతకంటె తక్కువ, నడుమ 20. వంటింటిలో ప్లగ్గు లేదు. చేతికందు చోట రెండు తీగెలను ఒకేసారి త్రెంచు స్విచ్చు, దాని నుండి ఓవెనుకు నేరుగా బిగింపు. 16 ఆంపియర్ల సాకెట్టులో 15.2 ఆంపియర్లను గంటల తరబడి నడపుట కత్తి అంచుమీద నడకయని ఆయన అనెను. తమ్ముని గదికి వేరు లైను కూడ అప్పుడే వేయించితిమి. ఇంత చేసినను ఖర్చు ఓవెను ధరలో ఐదవ వంతు కాలేదు.

తీగెల రంగుల విషయమున జాగ్రత్త వహింపవలెను. మన పాత ఇండ్లలో ఎఱుపు కరెంటు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు. మూడు ఫేజులున్న చోట ఎఱుపు, పసుపు, నీలము మూడును కరెంటు తీగెలే. ఓవెనుతో వచ్చు త్రాడులో నన్ననో, గోధుమ రంగు కరెంటు, నీలము న్యూట్రలు, పసుపుపచ్చ చారలది ఎర్తు. గోడలో నీలమును చూచి, ఓవెనులోని నీలముతో కలిపినవాడు కరెంటును న్యూట్రలు స్థానమునకు పంపవచ్చును. రంగును నమ్మక మీటరుతో పరీక్షించి కలుపువానినే పిలువవలెను.

ఎర్తు సంగతి ఇంకను ముఖ్యము. ఓవెను ఒడలంతయు ఇనుము. తడిచేతులతో ముట్టుకొనునది ఆడవారును పిల్లలును. పాత సాకెట్టులో పైనున్న పెద్ద రంధ్రమునకు వెనుక తీగెయే లేని ఇండ్లు నేను అనేకము చూచితిని. కొందరు పనివారు ఆ లోటు కనబడకుండ, ఎర్తు మరనుండి న్యూట్రలునకు చిన్న తీగె ముక్క కట్టి పోవుదురు. ఎప్పుడైన ఆ న్యూట్రలు తెగిన, ఓవెను ఒడలికి నిండు 230 వోల్టులు వచ్చును. అట్టి ముక్క మీ సాకెట్టులో కనబడిన ఆ దినమే తీయించి, సరియైన ఎర్తు తీగెను రప్పింపుడు. వెనుకటి వలె నీటి గొట్టమునకు కట్టుటయు పనికిరాదు. ఇప్పటి గొట్టములు ప్లాస్టికువి.

బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడ ఉండవలెను. కరెంటు దారితప్పి మనిషిగుండ నేలకు పోవునప్పుడు త్రెంచునది అదియే, ఎం.సి.బి. ఆ పని చేయలేదు. కాని ఒక సంగతి. ఓవెను నెలల తరబడి వాడక, వానకాలము పిదప వేసిన, ఆర్.సి.సి.బి. పడవచ్చును. వేడిగొట్టము లోపలి పొడి చెమ్మ పీల్చుకొనుట అందులకు తరచు కారణము. మేస్త్రిగారిచేత పరీక్ష చేయించి ఆరబెట్టింపుడు. అడ్డము వచ్చుచున్నదని ఆర్.సి.సి.బి.ని తీయించివేయుట నేను 32 వేయించిన బుద్ధి వంటిదే.

మరి విద్యుత్ పంపిణీ సంస్థవారి కాగితము. మీ బిల్లుమీద మంజూరైన లోడు ఎంతయో కిలోవాట్లలో వ్రాసియుండును. అచ్చట 2 కిలోవాట్లని యుండగా ఇంట 3.5 కిలోవాట్ల ఓవెను పెట్టిన, మీటరుకు వచ్చు తీగెకే భారము. లోడు పెంచుమని దరఖాస్తు పెట్టుకొనుడు. ఉమ్మడి మీటరున్న అన్నదమ్ములు ఈ విషయమున ఒకమాటమీద ఉండవలెను. మా ఇంట ఈ దరఖాస్తు కొఱకు, ఆరేండ్లుగా మాటలు తక్కువైన నేనును మా తమ్ముడును ఒక బల్లముందు కూర్చుండి సంతకములు చేసితిమి. అది ఓవెను చేసిన మేలు.

అద్దె ఇండ్లలో నున్నవారు గోడలు పగులగొట్టించలేరు. వారు 2000 వాట్లు దాటని ఓవెనుతో సరిపెట్టుకొనుట మేలు. అది 8.7 ఆంపియర్లు. దానికైనను 16 ఆంపియర్ల మంచి సాకెట్టు, ఎర్తుతో, మరియే వస్తువును దానితో కలుపక. పొడిగింపు త్రాడు వలదు. సాయంకాలము వోల్టేజి తగ్గి ఓవెను మందగించిన దానిని నిందింపవలదు. 230 నుండి 200కు పడిన దాని వేడి నాలుగవ వంతు తగ్గును.

నా దుకాణమున ఓవెను కొన వచ్చినవారిని ఇప్పుడు మొదట మూడు ప్రశ్నలు అడుగుచున్నాను. మీ ఇంటి తీగె ఎప్పటిది, బోర్డులో ఏ అంకె ఉన్నది, వంటింటి ప్లగ్గుతో పాటు మరి ఏమేమి వెలుగును అని. కొందరు కోపించి వేరు దుకాణమునకు పోవుచున్నారు. పోనిండు.

వచ్చు ఆదివారము మేస్త్రిగారు ఈ సభకు రాగలమనిరి. మీ ఓవెను రేకుమీది అంకెలను, బోర్డు ఛాయాచిత్రమును, కరెంటు బిల్లును వెంట తెండు. ఈ సాకెట్టును ఇచ్చటనే ఉంచి పోవుచున్నాను. ప్రతివారును ఒకసారి చేతపట్టి చూచి, వెనుకవైపు త్రిప్పి, ఆ కరగిన చోటును చూడుడు. సెలవు.