నీటిని నమ్ముకొన్న అద్దకం



గుజరాత్‌లోని కచ్ జిల్లాలో ధమడ్కా అనే గ్రామమున్నది. అక్కడి ఖత్రీ ముస్లిముల ఇండ్లలో ‘అజ్రఖ్’ అద్దకం తరతరాల వృత్తి. వారి పూర్వులు సింధు ప్రాంతం నుండి వచ్చినవారు.

వస్త్రాన్ని ముందుగా కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లంతో పులియబెట్టి, ఆ రసాన్ని చెక్క అచ్చుతో అద్దుతారు. కరక్కాయలోని వగరుతో కలిసి అది నలుపెక్కుతుంది. పటిక అద్దిన చోట మంజిష్ఠ ఎరుపు నిలుస్తుంది. నీలిమందు నీలాన్నిస్తుంది.

కృష్ణా జిల్లా పెడనలోని కలంకారీ పనివారికి ఇవేవీ కొత్త కావు. కరక్కాయ, తుప్పు, బెల్లం, పటిక వారికీ నిత్యం చేతికందేవే. భాషలు వేరైనా విద్య ఒక్కటే.

రెండు చోట్లా ఈ విద్యకు ప్రాణం నీరు. అద్దిన బట్టను పలుమార్లు జాడించి ఉతకవలెను. 2001 జనవరి 26న సంభవించిన భూకంపం ధమడ్కాను కూల్చివేసింది. అటుపిమ్మట అక్కడి నీటిలో ఇనుము పాలు పెరిగింది. ఇనుము ఎక్కువైతే రంగులు మసకబారుతాయి. అందుచేత పలు కుటుంబాలు భుజ్ సమీపాన నూతన గ్రామాన్ని నిర్మించుకొన్నాయి. వృత్తి పేరిటనే దానికి అజ్రఖ్‌పూర్ అని నామకరణం చేశాయి. మరికొందరు ధమడ్కాలోనే ఉండి పని సాగించారు.

2024లో కచ్ అజ్రఖ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. రంగును కాపాడవలసినది నీరే. చేతి అద్దకాన్ని మెచ్చి కొనేవారు ఆ ఊళ్ల బావులను, కాలువలను గూర్చి కూడా ఆలోచించుట అవసరం.