పంపుగదికి పచ్చని తెర



ఢిల్లీలోని ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లలో క్రింది అంతస్తువారికి లభించు భాగ్యములలో ముఖ్యమైనది పెరడు. ఆ పెరటిలోనే, సరిగా వంటయింటి కిటికీ కెదురుగా, ఇటుకల పంపుగదియో, రేకుల స్కూటరు షెడ్డో, ఇనుపకాళ్లమీద నిలిచిన నీళ్ల ట్యాంకో ఉండుటయు సామాన్యమే. అది అవసరమైనది, పడగొట్టుటకు వీలులేదు. చూచుటకు మాత్రము వికారముగా నుండును. తీగ నల్లించి మరుగుపరచుట అందరికిని తోచెడి ఉపాయము. ఉపాయము మంచిదే గాని, ఏ తీగ యన్న ప్రశ్నకు పూవును మాత్రమే చూచి సమాధానము చెప్పుకొన్నవారు తరచుగా చిక్కులలో పడుదురు.

తెలుగు కుటుంబములలో ఈ ప్రస్తావన రాగానే మొదట వినవచ్చు పేరు జాజి. జాజిని కాదనుట కెవరికిని నోరు రాదు. కాని జాజికి ఆకు పలుచన, కొమ్మలు సన్నన. దాని వెనుకనున్న ఇటుకలను లెక్కపెట్టవచ్చును. కంటికి గది కనబడుచునే యుండును, ముక్కు మాత్రము దానిని మరచిపోవును. శకుంతల వనజ్యోత్స్న యని పేరుపెట్టుకొన్న నవమల్లిక సయితము కణ్వాశ్రమములో మామిడి నల్లుకొన్నదే గాని, పర్ణశాలను మరుగు చేయుటకు వేసినది కాదు. జాజికి తగిన చోటు కిటికీ ప్రక్కనున్న చిన్న పందిరి.

పంపుగది విషయములో ముందుగా విచారింపవలసినది దాని తలుపు. జూన్ నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరిన దినముననే మోటారు ఆగిపోవుట కలదు. మెకానిక్కు వచ్చును. తలుపునకు అడ్డముగా కాగితపుపూలతీగ ముళ్లతో నిలిచియుండును. నాలుగంతస్తుల వారు నీటికై ఎదురుచూచుచుండగా తీగ సౌందర్యమును గూర్చి వాదించు సాహస మెవరికుండును? మూడేండ్లు పెంచినది ఒక్క గంటలో మొదలంట నరకబడును. తప్పు మెకానిక్కుది కాదు, తీగది అంతకంటె కాదు.

కాగితపుపూవు నిజమునకు గొప్ప తీగ. దక్షిణ అమెరికానుండి వచ్చి ఢిల్లీ ఎండను స్వదేశమువలె భరించుచున్నది. నీరు కొంచెము తగ్గినచో మరింత పూయును. పూవని మనము చూచు రంగురేకులు పూరేకులు కావు, ఆకులే. అసలు పూవు వాని నడుమ చిన్న గొట్టమువలె నుండును. ఐనను అది తనంతట దేనిని చుట్టుకొనదు, కట్టి నిలుపవలెను. ప్రహరీగోడకు దానిని మించినది లేదు. చేయి పెట్టి తెరువవలసిన తలుపు దగ్గర మాత్రము అది పనికిరాదు.

తీగలు ప్రాకు తీరు వేరువేరుగా నుండునని చార్లెస్ డార్విన్ 1865లో సవిస్తరముగా వివరించెను. కాండముతో మెలివేసికొనునవి కొన్ని. నులితీగలతో పట్టుకొనునవి కొన్ని. కొక్కెములతో ఊతగొనునవి కొన్ని. వేళ్లతో గోడ నంటిపెట్టుకొనునవి మరికొన్ని. ఈ భేదము పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. శంఖపుష్పము సన్నని తీగకు చుట్టుకొనును. దానికి నున్నని గోడ చూపినచో క్రిందనే పడియుండును. గోడ నంటుకొను చిన్న ఆకుల మఱ్ఱిజాతి తీగకు పందిరి అక్కరలేదు. చిత్తరువు వ్రాసినట్లు గోడంతయు కప్పును. కాని పీకిన నాడు సున్నము, గచ్చు పెచ్చులుగా దానివెంట వచ్చును. పైగా గోడ కొసకు చేరిన పిమ్మట దాని స్వభావము మారి, పెద్ద ఆకులతో మొద్దు కొమ్మలు ముందుకు చొచ్చుకొనివచ్చును. గోడ ప్రభుత్వముది, కాపురము బదిలీ వచ్చువరకే. ఇట్టిచోట వేళ్లతో నంటుకొను తీగను వేయకుండుటయే మేలు.

గోధుమ వంగడముల పరిశోధనలో పేరొందిన బి. పి. పాల్ మహాశయుడు తీగలకొరకే ఒక గ్రంథము వ్రాసెను. 'బ్యూటిఫుల్ క్లైంబర్స్ ఆఫ్ ఇండియా' యను ఆ పుస్తకము 1960లో వెలువడినది. అట్టి పుస్తకములను తిరగవేసినచో ఆశ పెరుగును, పెరడు పెరుగదు. కనుక పంపుగదివంటి దానికి రెండు తీగలు చాలును.

మొదటిది పర్దాబేల్. ఢిల్లీ తోటమాలులు దాని నీ పేరుతోనే పిలుతురు. పూవు చెప్పదగినది కాదు. ముళ్లు లేవు, శీతకాలమునను ఆకుపచ్చగనే యుండును. పైకెక్కించి వదలినచో తెరవలె నిలువుగా జారును. తలుపు పైభాగమున దీనిని వ్రేలాడనిచ్చి, నెలకొకమారు కత్తెరతో సరిచేసినచో లోపలికి పోవువారు తెరను తొలగించినట్లు తొలగించి పోవచ్చును.

రెండవది రాధామనోహరము. సాయంకాలము తెల్లగా విచ్చి, మరునాటికి గులాబియై, పిదప ఎఱ్ఱనగు పూగుత్తులు తెలుగువారికి క్రొత్త కావు. రాలిన ఆకుల తొడిమలు మొద్దుబారిన ముళ్లవలె మిగిలి, ఆ తీగకు ఊతముగా పనిచేయును. ఇది వేగముగా పెరుగును. బరువు కూడ హెచ్చు. రేకుల కప్పుమీదికి పోనీయక, గోడకు మేకులు కొట్టక, విడిగా నాటిన ఇనుపకంబములకు తీగె బిగించి దానిపై నెక్కింపవలెను. గోడకును తీగెకును జానెడు ఎడమున్నచో గాలి యాడును, గోడ చెమ్మగిల్లదు.

గోతిని గోడకు ఆనించి త్రవ్వుట సామాన్యముగా జరుగు పొరపాటు. పునాది ప్రక్కనుండు మట్టి ఇటుకముక్కలతోను సున్నముతోను నిండియుండును. కప్పు అంచున పడు వాన అచటికి చేరదు. అడుగున్నర దూరముగా, రెండడుగుల లోతున త్రవ్వి, మాగిన పశువులపేడ ఎరువు కలిపి, జూలైలో వానలు పడగానే నాటుట మంచిది. తీగ ఎదుగువరకు ఆ కంబములపైననే శంఖపుష్పమో చిక్కుడుపాదో వేసినచో మొదటి సంవత్సరము వెలితి కనబడదు. పాకలమీదికి సొర, గుమ్మడి పాదులు ప్రాకించిన పల్లెలనుండి వచ్చినవారికి ఈ పని ఎవరును నేర్పనక్కరలేదు. చిక్కుడుకాయ వంటయింటికి అదనపు లాభము.

రాధామనోహరమునకు ఒక లోపము కలదు. ఢిల్లీ చలికి అది ఆకు రాల్చును. జనవరిలో కొమ్మలసందునుండి గది మరల తొంగిచూచును. తొలి యేడు ఇది చూచి తీగ చచ్చినదని పెరికివేసినవారు కలరు. అది చావలేదు. చలి తగ్గుముఖము పట్టగానే పాతకొమ్మలను గట్టిగా కత్తిరించినచో, క్రొత్త చిగుళ్లమీద వేసవికి పూవు వచ్చును. మోటారును విప్పి చూచుటకును, తలుపునకు రంగు వేయుటకును, రేకులు మార్చుటకును తీగ బోసిగానున్న ఆ మూడు నాలుగు వారములే అనువైనవి. మే నెలలో నీటికి కటకట రాకముందే ఆ పనులు ముగియును, తీగమీద కత్తి పడవలసిన అగత్యమును తప్పును.