తుపాకి యొకటి, అనుమతులు రెండు

గవర్నరుపేటలో మా యింటి యరుగుపై మొన్న నొక మెట్టరైతు కూర్చుండి, “పంతులుగారూ, చేనికావలికై మందు దట్టించు తుపాకికి లైసెన్సు పొందితిని. మొక్కజొన్నను పాడుచేయు అడవిపందిని ఇక కొట్టవచ్చును గదా?” అని యడిగెను. కొట్టరాదంటిని. అతని ముఖము వాడినది.

ఇందు ధర్మసూక్ష్మ మొకటి గలదు. 1959 నాటి ఆయుధచట్టము పంటకాపుదలకు మూతినుండి మందు కూరు తుపాకిని పేర్కొన్నది. ఆ లైసెన్సు ఆయుధము నుంచుకొనుటకే. జంతువును చంపుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ననుసరించి, అధికారముగల యటవీయధికారి వ్రాతమూలకమైన యుత్తరువు వలయును.

చట్టము లొక్కటియే యైనను రాష్ట్రములందు అమలు వేఱు. కర్ణాటకమందలి కొడగులో కొడవలకును, జమ్మాభూమి గలవారికిని లైసెన్సు లేకయే మినహాయింపుపత్రము చాలును. 2019లో కేంద్రప్రభుత్వము దానిని 2029 వఱకు పొడిగించినది. అయినను వేటాడుహక్కు వారికిని లేదు. కేరళమున 2022లో పంట చెఱచు పందుల విషయమున ఉత్తరువిచ్చు నధికారమును స్థానికసంస్థల యధ్యక్షులకు కల్పించిరి.

అచ్చటి మాట విని యిచ్చట తుపాకి పేల్చినవాడు పంటతోపాటు స్వేచ్ఛను గూడ పోగొట్టుకొనును. కావున కర్షకసోదరులారా, మందు దట్టించుటకు ముందు అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొనుడు.